చక్రం – నేల

మహాభారత యుద్ధంలో పదునేడవ నాడు కర్ణుని రథచక్రం నేలలో క్రుంగిపోయింది. విప్రశాపం, గురుశాపం, కాలవైపరీత్యం ఒక్కచోట కూడిన ఆ ఘట్టాన్ని తెలుగువారు తిక్కన కర్ణపర్వంలో చదువుకొన్నారు. అక్కడ నేల ఒక పాత్ర. అది వీరుని చక్రాన్ని పట్టి విడువదు. ఇతిహాసపు అర్థాన్ని అలాగే ఉంచి, భౌతికశాస్త్రదృష్టితో ఆ చక్రాన్ని ఒకసారి చూడవచ్చు. రథికుడు, సారథి, ఆయుధాలు, రథం ఇంతటి బరువునూ నేలకు అందించేది చక్రపు సన్నని అంచులో అరచేయంత భాగమైనా కాదు. నేల గట్టిదైతే ఆ భారాన్ని మోస్తుంది, మెత్తనిదైతే లోనికి దిగనిస్తుంది. చక్రానికీ నేలకూ మధ్య నాటి నుండి నేటి వరకు సాగుతున్న వివాదమంతా ఇదే.

ఈ వివాదానికి మన పల్లెలు రెండు పరిష్కారాలు కనుగొన్నాయి. మొదటిది ఎత్తు. కుండ, ఆకులు, ఇరుసు, ఇనుప పట్టా కలిగిన పాతకాలపు కొయ్యచక్రం దాదాపు మనిషి భుజం ఎత్తుకు వచ్చేది. వడ్రంగి దానిని అంత పెద్దదిగా చేసింది అందం కోసం కాదు. బాటలోని గాడిని, రాతిని, పొలం గట్టును పెద్ద చక్రం చిన్నదానికంటె సుళువుగా ఎక్కి దిగుతుంది. అయితే బురదలో మాత్రం ఆ ఇనుప పట్టా కత్తివలె దిగబడేది. రెండవ పరిష్కారం గాలి. స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి నింపిన చక్రానికి హక్కుపత్రం పొందినా, రబ్బరు ఖరీదైన ఆ రోజులలో అది వ్యాప్తిలోనికి రాలేదు. 1888లో బెల్ఫాస్టులోని పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండి కుదుపులు తగ్గించబోయి దానిని మళ్ళీ కనుగొన్నాడు. ఆయన పేరు తెలుగుపల్లెలకు ఎడ్లబండి ద్వారా చేరింది. రబ్బరు టైర్ల బండిని నేటికీ పెద్దలు ‘డన్‌లప్ బండి’ అంటారు. కొన్నిచోట్ల అదే ‘టైరు బండి’.

ఇక్కడ గమనింపదగిన విశేషమొకటి ఉంది. కొయ్యబండి టైరు బండిగా మారినప్పుడు చక్రం పెరగలేదు, తగ్గింది. భుజం ఎత్తు చక్రం పోయి మోకాలిని కాస్త దాటిన చక్రం వచ్చింది. అయినా అదే ఎద్దులు అంతకు మించిన బరువును మెత్తని బాటమీద లాగగలిగాయి. ఎత్తు చేసే మేలు వేరు, గాలి చేసే మేలు వేరు అని చదువు లేని రైతుకు సైతం ఆ మార్పు తెలియజెప్పింది. నేడు నగరాలలో కొండదారి వాహనాలకు పెద్ద టైర్లు వేయించే యువకులు మరచిపోతున్నది సరిగ్గా ఈ భేదాన్నే.

సికింద్రాబాదు ఈ ముచ్చటకు తగిన నగరం. మూడవ నిజాము సికందర్ జా పేరిట 1806లో వెలసిన ఈ దండు పట్టణంలో సైనిక వాహనాలు కొత్త కాదు. సైన్యపు యంత్రవిద్యా విభాగానికి చెందిన శిక్షణ కళాశాల తిరుమలగిరిలోనే ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పుట్టిన విల్లీస్ జీపును 1940ల చివర మహీంద్రా సంస్థ మన దేశంలో కూర్చడం మొదలుపెట్టింది. పంచాయతీ సమితుల కాలంలో ఊరికి ‘సమితి జీపు’ వచ్చిందంటే పిల్లలు దాని వెంట పరుగెత్తేవారు. ఆ యుద్ధకాలపు జీపు టైరు కొలత 6.00–16, అనగా ఆరు అంగుళాల వెడల్పు మాత్రమే. నేటి కన్నులకు అది సైకిలు చక్రంవలె కనిపించవచ్చు కాని, ఆ సన్నని చక్రంతోనే జీపు యుద్ధభూములను దాటింది. బురద పైపొరను కోసుకొని దిగి, అడుగున ఉన్న గట్టినేలను పట్టుకోవడం సన్నని టైరుకు గల గుణం.

ఆ జీపు సంతతికి చెందిన థార్ 2010లోనూ, దాని రెండవ తరం 2020 అక్టోబరులోనూ విపణికి వచ్చాయి. ఈ రెండవ తరంతో నగర యువత మోజు పెరిగింది. వాహనం ఇంటికి వచ్చిన కొద్దికాలానికే రాణీగంజ్ టైర్ల దుకాణాల ముందు ఒకే ప్రశ్న వినబడుతుంది: “దీనికి ఎంత పెద్ద టైరు పడుతుంది?” అనుభవం గల మేస్త్రీ చెప్పే సమాధానం క్లుప్తంగా ఉంటుంది: “పడుడు వేరు, తిరుగుడు వేరు అన్నా.” ఆ ఒక్క మాటను విప్పి చెప్పడానికి కొంత గణితం కావాలి.

టైరు పక్కగోడమీద 245/75 ఆర్ 16 అని ఉందనుకొందాం. రెండవ తరం థార్‌లో ఒక శ్రేణికి కంపెనీ అమర్చిన కొలత ఇదే. 245 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు. 75 అనగా ఆ వెడల్పులో నూటికి 75 వంతులు పక్కగోడ ఎత్తు. 16 అనేది లోపలి ఇనుప చట్రపు వ్యాసం, అంగుళాలలో. లెక్కవేస్తే మొత్తం వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు. దీని స్థానంలో 285/75 ఆర్ 16 వేస్తే వ్యాసం 834 మిల్లీమీటర్లు అవుతుంది. తేడా 60 మిల్లీమీటర్లు. కాని ఇరుసు ఉండేది చక్రం నడిమధ్యన. కనుక నేలకూ ఇరుసుకూ నడుమ పెరిగే ఎడం అందులో సగం, 30 మిల్లీమీటర్లు మాత్రమే. రెండు వేళ్ళ మందమైనా లేని ఈ లాభం కోసమే తక్కిన ఖర్చంతా. అట్లని దీనిని తీసివేయరాదు. స్ప్రింగులను ఎత్తితే వాహనపు ఒడలు లేస్తుందే కాని, ఇరుసు నడుమ వ్రేలాడే గేరు గుండు లేవదు. వెనుక ఇరుసు గుండు రాతికి తగలకుండా లేపగలిగేది టైరు ఒక్కటే.

ఇక నష్టం సంగతి. ఇంజను చక్రానికి ఇచ్చే తిప్పుడు బలం మారదు. ఆ బలం నేలను నెట్టే దూరం, అనగా వ్యాసార్ధం, మారుతుంది. పై ఉదాహరణలో నేలమీద త్రోపుడు బలం నూటికి ఏడు వంతులు తగ్గుతుంది. కొండ ఎక్కడానికని పెద్ద టైరు వేయించిన వాహనం కొండ ఎక్కడంలోనే నీరసిస్తుంది. చోదకుడు క్లచ్చిని మాటిమాటికీ సగం నొక్కి పట్టుకొంటాడు, అది మాడిన వాసన వస్తుంది. దీనికి విరుగుడు ఇరుసులోని క్రౌన్, పినియన్ల పళ్ళ నిష్పత్తిని మార్చడం. నాలుగు చక్రాలూ తిరిగే వాహనంలో ముందు ఇరుసునూ వెనుక ఇరుసునూ ఒకే నిష్పత్తికి మార్చాలి. ఒకటి మార్చి ఒకటి వదిలితే రెండూ ఒకదానితో ఒకటి పోరాడి విరుగుతాయి. ఈ ఖర్చు తరచు టైర్ల ఖరీదును మించుతుంది. దుకాణంలో ఎవరూ దీనిని ముందుగా ప్రస్తావించరు.

వేగమాపకం కూడా అబద్ధమాడడం మొదలుపెడుతుంది. పాత చక్రం కిలోమీటరుకు దాదాపు 411 సార్లు తిరిగితే, కొత్తది 382 సార్లే తిరుగుతుంది. యంత్రం లెక్కించేది తిరుగుడును కాని దూరాన్ని కాదు. అందుచేత ముల్లు గంటకు 80 కిలోమీటర్లు చూపినప్పుడు వాహనం నిజంగా 86 దాటి పోతూ ఉంటుంది. రింగురోడ్డు మీద వేగపరిమితిని పాటిస్తున్నానని నమ్మిన చోదకుడు తనకు తెలియకుండానే దానిని అతిక్రమిస్తాడు. చక్రాల వేగాన్ని క్షణక్షణం పోల్చి బ్రేకులను, స్థిరత్వాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ వ్యవస్థలు కూడా తయారీదారు ఇచ్చిన కొలతకు శ్రుతి చేసినవే.

అన్నిటికంటె ముఖ్యం బ్రేకు. పెద్ద టైరు బరువైనది. ఒక్కొక్కటి పాతదానికంటె ఐదు కిలోలకు పైగా ఎక్కువ తూగడం సామాన్యం. ఆ బరువు ఇరుసు దగ్గర కాక అంచున ఉంటుంది. తిరుగుతున్న తిరగలిని ఆపబోయిన వారికి అంచు బరువు ఎంత మొండిదో తెలుసు. బ్రేకు పళ్ళెం అంతే ఉండి, దానితో పోరాడే చక్రపు వ్యాసార్ధమూ బరువూ పెరిగితే, వాహనం నిలిచే దూరం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందనేది వాహనాన్ని బట్టి, రోడ్డును బట్టి ఉంటుంది. రోడ్డు దాటుతున్న మనిషికి మాత్రం ఒక్క గజం కూడా చిన్న కొలత కాదు.

స్టీరింగును పూర్తిగా తిప్పి, అదే సమయంలో ఒక చక్రం గుంతలో, ఎదుటిది గట్టుమీద ఉన్నప్పుడు టైరు లోపలి రేకును, బ్రేకు గొట్టాన్ని రాచుకొంటుందేమో చూడాలి. దుకాణం ముందు చదునైన నేలమీద తిప్పిచూస్తే ఇది తెలియదు; మేస్త్రీ అన్న ‘తిరుగుడు’లోని మర్మం ఇదే. రాపిడి తప్పించడానికి చక్రాన్ని వెలుపలికి జరిపే చట్రాలు వేస్తే బేరింగుల మీద, బాల్ జాయింట్ల మీద, టై రాడ్ల మీద భారం పెరుగుతుంది. నాలుగు టైర్లు మార్చి ఐదవదాన్ని మరచిపోయేవారూ ఉన్నారు. మనం ‘స్టెప్నీ’ అని పిలిచే ఆ అదనపు చక్రానికి ఆ పేరు వేల్స్ దేశపు లనెల్లి పట్టణంలోని స్టెప్నీ వీధి నుండి వచ్చింది. 1904 ప్రాంతాన అక్కడ తయారైన అదనపు చక్రం ప్రపంచమంతా తిరిగింది. ఇంగ్లండులో ఆ మాట దాదాపు మాసిపోయినా మన మెకానిక్కుల నోట బతికే ఉంది. థార్ వంటి వాహనాలలో స్టెప్నీ వెనుక తలుపుకే వ్రేలాడుతుంది కనుక, పెద్ద టైరు బరువును ఆ తలుపు బందులు మోయవలసి వస్తుంది.

ఇంత ఖర్చుకూ కష్టానికీ కారణమైన కోరిక, మెత్తని నేలలో దిగబడకుండా పోవాలన్నది, గాలితోనే చాలవరకు తీరుతుంది. 1800 కిలోల వాహనంలో ఒక్కొక్క చక్రంమీద 450 కిలోలు పడుతుందనుకొందాం. చదరపు అంగుళానికి 32 పౌన్ల పీడనం ఉన్నప్పుడు టైరు నేలను తాకే చోటు స్థూలంగా 200 చదరపు సెంటీమీటర్లు. పాఠ్యపుస్తకపు ఒక పుట కంటె తక్కువ. గాలిని సగానికి తగ్గిస్తే అది ఇంచుమించు రెట్టింపవుతుంది. పైసా ఖర్చు లేదు. అదే పీడనంలో పెద్ద టైరు వేస్తే తాకే చోటు ఆకారం కొంత మారుతుంది కాని వైశాల్యం పెద్దగా పెరగదు. పెద్ద టైరు ఇచ్చే అసలు సౌకర్యం, మరింత తక్కువ గాలితో నడిచినా చట్రం నేలకు తగలకుండా కాపాడడం.

ఈ సత్యాన్ని నిరూపించినవారిలో రాల్ఫ్ బాగ్నాల్డ్ ముఖ్యుడు. ఈ బ్రిటిష్ సైనికాధికారి 1920ల చివర, 1930లలో లిబియా ఎడారి ఇసుక తిన్నెలను దాటినది వెనుక చక్రాలు మాత్రమే తిరిగే సాధారణ ఫోర్డు కార్లతోనే. టైర్లలో గాలి తగ్గించడం, దిగబడినచోట చక్రాల కింద ఉక్కు పలకలు పరచడం ఆయన సాధనాలు. 1940లో ఆయన నెలకొల్పిన ఎడారి దళం ఆ విద్యనే యుద్ధానికి వాడుకొన్నది. అదే యుద్ధంలో అమెరికా తయారుచేసిన నేల–నీటి లారీలో, చోదకుడు ఆసనం నుండి కదలకుండా టైర్ల గాలిని పెంచే, తగ్గించే ఏర్పాటు చేశారు.

పెద్ద టైరు నిజంగా అవసరమయ్యే దేశాలూ ఉన్నాయి. ఐస్‌లాండులో మంచుమేటల మీద తిరిగే వాహనాలకు 38 అంగుళాల టైర్లు వేసి, గాలిని రెండు మూడు పౌన్ల వరకు దించి నడుపుతారు. అక్కడ వాహనం మంచుమీద తేలాలి. దిగబడితే చలికి ప్రాణాపాయం. అయితే ఆ మార్పుతోపాటు గేర్ల నిష్పత్తిని, వేగమాపకాన్ని సరిచేసి, మార్చిన వాహనంగా ప్రత్యేకంగా తనిఖీ చేయించడం కూడా అక్కడి పద్ధతిలో భాగమే. మన యువకులు చిత్రాలలో చూసేది ఆ టైర్లను మాత్రమే.

తెలంగాణ నేల తీరు వేరు. సికింద్రాబాదుకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని అనంతగిరి కొండల దారులలో ఎర్రమట్టి, వాన కోసిన గాళ్ళు ఉంటాయి. నగరం చుట్టూ ఉన్నవి నల్లరాతి గుండ్లు. వాటిమీద కావలసింది రాతిని కరచుకొనే మెత్తని టైరూ, ఇరుసు ఎత్తూ. ఇంకా పడమరగా జహీరాబాదు వైపు పోతే రేగడి నేలలు. తడిసిన రేగడి టైరు గాళ్ళను నింపి, దానిని కుమ్మరి సారెమీది మట్టిముద్దవలె నున్నగా చేసివేస్తుంది. అప్పుడు టైరు ఎంత వెడల్పయితే అంత జారుతుంది. వరిమడి దమ్ము చేసే రైతు ట్రాక్టరుకు రబ్బరు టైరు పెంచడు. ఇనుప కమ్మీల కేజ్‌వీల్ తగిలిస్తాడు. అది మడిలో అద్భుతంగా పనిచేస్తుంది. పని ముగిశాక దానిని విప్పకుండా తారురోడ్డు ఎక్కితే మాత్రం రోడ్డు చీరుకుపోతుంది, అధికారులు కేసు పెడతారు.

గాలి తగ్గించడంలోనూ ప్రమాదం లేకపోలేదు. తక్కువ గాలితో వేగంగా పోతే పక్కగోడ నిరంతరం మడతపడి వేడెక్కుతుంది, పొరలు విడిపోతాయి. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కు పిలిపించవలసి వచ్చింది. ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ వంటి ఎత్తైన వాహనాలకు ఎక్కువగా అమర్చిన ఆ టైర్ల పైపొర వేగంలో ఊడిపోవడం, వాహనం పల్టీకొట్టడం వల్ల 270 మందికి పైగా మరణించారని ప్రభుత్వ లెక్క. టైరు తయారీలోని లోపంతోపాటు వేడి, అధిక భారం, 26 పౌన్ల తక్కువ పీడనపు సిఫారసు, వాహనపు ఎత్తు అన్నీ విచారణలో చర్చకు వచ్చాయి. ఆ ఏడాదే అమెరికా చేసిన చట్టం ఫలితంగా టైర్ల గాలిని హెచ్చరించే పరికరం అక్కడి కొత్త కార్లలో తప్పనిసరి అయింది. ఎత్తైన వాహనాన్ని మరింత ఎత్తు చేసినప్పుడు గరిమనాభి పైకి జరుగుతుంది. నిలువు గోడవలె కనిపించే ఆ గాంభీర్యమే, మలుపులో హఠాత్తుగా స్టీరింగు తిప్పినప్పుడు పల్టీకి కారణం కావచ్చు.

చట్టం ఏమంటున్నదో కూడా తెలియాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక వ్యాజ్యంలో దీనిని ధ్రువపరచింది. అదే సంవత్సరపు చట్టసవరణ, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునన్నది. ఒకే నమూనాలో వేరొక శ్రేణికి తయారీదారు స్వయంగా ఇచ్చిన కొలతకు మారడం ఒకటి, రేకు కోసి, ఒడలు ఎత్తి దుకాణం చెప్పిన కొలత తగిలించడం మరొకటి. రెండవదానికి పూనుకొనేవారు ముందు రవాణా కార్యాలయాన్ని, ఆపై బీమా సంస్థను సంప్రదించడం మేలు. తెలియపరచని మార్పు, ప్రమాదం జరిగి పరిహారం కోరిన నాడు వివాదానికి దారితీస్తుంది.

ఇన్నీ తెలిసిన తరువాత కూడా టైరు మార్చదలచినవారు వ్యాసం కంటె ముందు అల్లికను, అనగా టైరు గాళ్ళ తీరును చూడటం తెలివైన పని. అదే కొలతలో మట్టికీ రోడ్డుకూ తగిన టైరు వేస్తే లాభంలో పెద్దపాలు దక్కుతుంది, నష్టంలో చాలావరకు తప్పుతుంది. పక్కగోడమీది భారసూచిక పాతదానికి తగ్గకూడదు. తయారైన వారాన్నీ ఏడాదినీ తెలిపే నాలుగంకెలు కూడా అక్కడే ఉంటాయి; 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందన్నమాట. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది కనుక, కొత్తగా మెరిసే టైరును కొనేవారు ఈ అంకెలను చూడక డబ్బు చెల్లించరాదు.

అనంతగిరి దారిలో మట్టిబాట మొదలయ్యే చోట బండి ఆపి, నాలుగు చక్రాల గాలిని పీడనమాపకంతో చూసుకొంటూ 18, 20 పౌన్లకు దించడానికి పది నిమిషాలు పడుతుంది. తిరిగి తారురోడ్డు ఎక్కే ముందు బ్యాటరీతో నడిచే చిన్న గాలి యంత్రాన్ని తగిలించి పూర్వపు పీడనానికి నింపడానికి అంతకు రెండింతలు పట్టవచ్చు. చీకటిపడుతున్న వేళ, ఇంటికి పోవాలన్న తొందరలో చాలామంది విడిచిపెట్టేది ఈ రెండవ పనినే.